బడి కబురు ఎవరి భాషలో?

ఊరి బడి ఊరిదేనా? కాగితాలు చూస్తే ఊరిదే. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలకు యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన పథకం పేరు 'మనబడి నాడు-నేడు'. తెలంగాణలో 2022లో వచ్చినదాని పేరు 'మన ఊరు-మన బడి'. ప్రభుత్వాలు రెండూ 'మన' అన్నాయి. ఊళ్ళో పెద్దవాళ్ళు మాత్రం ఇప్పటికీ 'గవర్నమెంటు బడి' అనే అంటారు. ఇరవై ఏళ్ళుగా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెబుతున్న నాకు ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం రోజూ కనిపిస్తూనే ఉంటుంది.

ఈ దూరానికి సాధారణంగా ఒక కారణం చెబుతారు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదనీ, కూలికి పోయేవాళ్ళకు బడి సంగతులు పట్టవనీ, పిలిచినా రారనీ అంటారు. ఉపాధ్యాయుల గదిలోనూ, అధికారుల సమీక్షల్లోనూ, కొన్నిసార్లు మన కథల్లోనూ ఈ మాటే వింటాం. చరిత్ర మాత్రం ఈ వాదాన్ని సమర్థించదు. బడి తలుపు కొత్త కుటుంబాలకు తెరుచుకున్న ప్రతి సందర్భంలోనూ బడి కబురు కూడా కొత్త భాషలో బయటికి వచ్చింది. కబురు భాష మారనిచోట కమిటీలు వచ్చాయి గాని కుటుంబాలు రాలేదు. ఇది భాషకు సంబంధించిన విషయం కాబట్టి రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ కూడా సంబంధించినదే. అందుకే ఈ పత్రికలో రాస్తున్నాను.

వీధిబడి: ఇంటిముందుకు వచ్చిన చదువు

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో రాజధానిలోని దేశీయ పాఠశాలల లెక్కలు పంపమని జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. ఆ వివరాలన్నీ వచ్చాక 1826లో ఆయన రాసిన మినిట్‌లో 12,498 బడులూ, వాటిలో 1,88,650 మంది విద్యార్థులూ లెక్కకు వచ్చారు. అంటే జనాభాలో అరవై ఏడుగురికి ఒకరు. ఈ నివేదికల్లో మనకు ఎక్కువగా పనికివచ్చేది 1823లో బళ్ళారి కలెక్టర్ కాంబెల్ పంపినది. ఆనాటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేది. ఆ జిల్లాలో 533 బడులుంటే అందులో 226 తెలుగువి, 235 కన్నడంవి. పిల్లలు 6,641 మంది. ఆడపిల్లలు అరవై మంది.

కాంబెల్ రెండు సంగతులు స్పష్టంగా రాశాడు. మొదటిది బడుల క్షీణతకు కారణం. దేశవాళీ నేతపని యూరపు సరుకు ముందు నిలవలేక జనం బీదవాళ్ళయ్యారు. పంతులుకు ఇచ్చుకోలేక చాలా కుటుంబాలు పిల్లల్ని బడి మాన్పించాయి. రెండవది పాఠాల భాష. పిల్లలు పద్యాలను అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతారు గాని అర్థం తెలియదనీ, ఆ పద్యాల భాష జనం మాట్లాడే భాష కాదనీ ఆయన గమనించాడు. బడిలో ఏం చెబుతున్నారో ఇంట్లోవాళ్ళకు తెలియకపోవడమనే సమస్య ఈనాటిది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయినా వీధిబడికి ఒక గుణం ఉండేది. అది ఇళ్ళ మధ్యన, ఎవరి అరుగుమీదో జరిగేది. పంతులు బతుకు పిల్లల ఇళ్ళనుంచి వచ్చే బియ్యం మీదా డబ్బు మీదా ఆధారపడేది. దసరాకు పంతులు పిల్లల్ని వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేవాడు. పిల్లలు విల్లంబులు పట్టుకొని పద్యాలు చదివేవారు. పంతులుకు కానుక ముట్టేది, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. దీన్ని మనం ఒక ముచ్చటగానే గుర్తుచేసుకుంటాం. నిజానికి అది ఆనాటి బడి వార్షిక నివేదిక. ఏడాదిలో పిల్లవాడు ఏం నేర్చాడో తల్లి తన గడపలో నిలబడి విన్నది.

అలా అని వీధిబడిని స్వర్ణయుగం చెయ్యడం పొరపాటు. ఆ ఊరేగింపు ఏ వీధులు తిరిగిందో, ఏ వీధులు తిరగలేదో చూడాలి. అది మాలపల్లెకూ మాదిగగూడేనికీ వెళ్ళలేదు. 6,641 మందిలో అరవై మందే ఆడపిల్లలు కావడం కూడా మరిచిపోకూడదు. బడి ఊరిదే అయింది గాని, ఆ 'ఊరు' అనే మాటలో ఊరంతా లేదు.

పంతులు ముఖం తిరిగిన కాలం

1854 నాటి ఉడ్ తాఖీదు తర్వాత ప్రభుత్వ గ్రాంట్లు వచ్చాయి. 1860ల చివరినుంచి మద్రాసు రాజధానిలో పరీక్ష ఫలితాలనుబట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ పరీక్షిస్తాడు. ఎందరు గట్టెక్కితే అంత గ్రాంటు. దీనితో బడికి ఒక కొలమానం వచ్చిందన్నది నిజం. కులం పేరుతో బయట ఉంచిన పిల్లలను చేర్చుకొమ్మని అడగడానికి పైన ఒక అధికారం ఏర్పడిందన్నదీ నిజమే.

అయితే ఇంకొకటి కూడా జరిగింది. అంతవరకూ ఇంటి గడపవైపు చూసిన పంతులు ఇన్‌స్పెక్టరు వచ్చే దారివైపు చూడడం మొదలుపెట్టాడు. బడి కబురు రిజిస్టరులోకి ఎక్కింది. రిజిస్టరు పైకి పోయింది. తండ్రికి చెప్పవలసిన సంగతి దొరకు చెప్పవలసిన సంగతిగా మారినప్పుడు దాని భాష కూడా మారింది. హాజరు, ఫలితం, తనిఖీ, రిమార్కు అనే మాటలు వచ్చాయి. ఇప్పటికీ మా బడులు మాట్లాడే భాష ఇదే.

బడి పెట్టినవాళ్ళు పత్రిక ఎందుకు పెట్టారు?

వలసపాలన కాలంలోనే ఇంకొక ధార కూడా సాగింది. సాహిత్య చరిత్రకారులు దీన్ని సంస్కరణ చరిత్రలో ఒక అధ్యాయంగా, పత్రికల చరిత్రలో ఇంకొక అధ్యాయంగా విడదీసి చూపిస్తారు. కలిపి చూస్తే గాని అసలు విషయం బోధపడదు.

1874లో వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచాడు. అదే ఏడు 'వివేకవర్ధని' మొదలుపెట్టాడు. ఈ రెండూ ఒకే ఏడు రావడం కాకతాళీయం అనుకోను. ఆడపిల్లకు చదువెందుకని అడిగే ఇంటికి బడి తలుపు తెరిచిపెడితే చాలదు, జవాబు కూడా పంపాలి. స్త్రీవిద్య మీద కొక్కొండ వెంకటరత్నంతో ఆయనకు జరిగిన వాదం ఆ రోజుల్లో పత్రికలకెక్కిన వాదం. గ్రాంథికంలో చెయ్యి తిరిగిన వీరేశలింగం పత్రిక కోసం సులభమైన వచనం వైపు రావలసి వచ్చింది. ఆ వచనానికి సాహిత్య కారణాలే వెతుకుతాం మనం. కూతుర్ని బడికి పంపవలసిన తండ్రి చదవాలన్న అవసరం కూడా దాని వెనక ఉందని నా అభిప్రాయం.

గిడుగు రామమూర్తి విషయంలో ఇది ఇంకా స్పష్టం. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన ఆయన సవరల భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు తయారుచేసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపాడు. వ్యావహారిక భాషోద్యమానికి ఆయన నాయకుడయ్యింది ఆ తర్వాతనే. ఈ క్రమాన్ని గమనించాలి. సవర పిల్లవాడికి బడిలో తన ఇంటి మాట వినిపించాలని పట్టుబట్టిన ఉపాధ్యాయుడు, తెలుగు పిల్లవాడికీ అదే న్యాయం కావాలని అడిగాడు. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. దానికి అధ్యక్షుడు వీరేశలింగమే. ఆ ఏడే గిడుగు 'తెలుగు' పత్రిక వచ్చింది. వ్యావహారికోద్యమాన్ని పండితుల వ్యాకరణ వివాదంగా చదవడం మనకు అలవాటయింది. దాని పునాది మాత్రం తరగతి గదిలో ఉంది. బడి భాషకూ ఇంటి భాషకూ మధ్య గోడ ఉంటే ఇంట్లోవాళ్ళు బడికి పరాయివాళ్ళవుతారు. ఆ ఉద్యమం అడిగినవాటిలో ఇది ముఖ్యమైనది.

నిజాం రాష్ట్రంలో ఈ పరాయితనం రెండింతలు. పై చదువంతా ఉర్దూలో సాగేది. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అడ్డం. 1920లలో ఖాన్గీ బడి తెరవాలన్నా ముందుగా సర్కారు అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. అంటే ఊరివాళ్ళు తమ పిల్లలకు తమ భాషలో నాలుగక్షరాలు చెప్పించుకోవడం కూడా అనుమానించదగ్గ పనే అయింది. ఇటువంటి స్థితిలో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచి హైదరాబాదులో ఆదిహిందూ పిల్లలకు బడులు పెట్టాడు. తర్వాత 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు తెలుగు మాధ్యమంలో ఆంధ్ర బాలికల పాఠశాల నెలకొల్పారు. తెలంగాణలో ఆంధ్రోద్యమం గ్రంథాలయమూ, బడీ, పత్రికా మూడింటినీ ఒకే పనిగా భావించింది.

కోస్తాలో కూడా 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినప్పటినుంచి అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు చేసినది ఇదే. పాతూరి నాగభూషణం 1935లో కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పాడు. అక్షరం మనుషుల కోసం వెతుక్కుంటూ వెళ్ళింది.

వీళ్ళందరి రాజకీయాలు ఒకటి కావు. కాని బయట ఉన్న కుటుంబాన్ని లోపలికి తేవాలంటే ముందు ఆ కుటుంబానికి అందే మాట కావాలని వీళ్ళందరికీ తెలుసు.

పాఠం దాటి వచ్చిన తల్లులు

స్వాతంత్ర్యం తర్వాత బడులు పెరిగాయి. బడి పెట్టడం ప్రభుత్వ బాధ్యత కావడం గొప్ప విజయం. దాన్ని తక్కువచేసి మాట్లాడకూడదు. అయితే బాధ్యతతోపాటు బడి కబురు కూడా ప్రభుత్వానికే చెందిపోయింది. ఇందుకు మినహాయింపులుగా కనిపించే రెండు ఘట్టాలు చెబుతాను.

1990లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలయింది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా అందులో పనిచేశారు. రాత్రి బడుల్లో చదివించిన పాఠాల్లో ఒకటి 'సీతమ్మ కథ'. తాగుబోతు మొగుడున్న ఆడమనిషి బతుకు అది. ఆ పాఠాన్ని దూబగుంట ఆడవాళ్ళు పాఠంగా వదిలిపెట్టలేదు. ఇది మా ఊరి సంగతేనని సారా దుకాణం మీదికి నడిచారు. 1992 నాటికి అది జిల్లా అంతటా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సంపూర్ణ మద్యనిషేధం 1995లో వచ్చి 1997లో సడలిపోయిందన్న సంగతి తెలిసిందే. ఆ జయాపజయాలు వేరే చర్చ. మనం గమనించవలసింది ఒకటే. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదన్న మాటను ఆ రాత్రి బడులు కొట్టివేశాయి. పాఠంలో తమ ఇల్లు కనిపించినప్పుడు వాళ్ళు పాఠాన్ని వీధిలోకి తెచ్చారు.

రెండవది రంగారెడ్డి జిల్లాలో ఎం. వి. ఫౌండేషన్ 1991 నుంచి చేసిన పని. బీదరికం వల్ల పిల్లల్ని పనికి పంపుతున్నారు, వాళ్ళకు చదువు అక్కరలేదు అనే సిద్ధాంతాన్ని శాంతా సిన్హా బృందం ఇంటింటికీ తిరిగి పరీక్షించింది. కూలివాళ్ళకు చదువు కావాలి. వాళ్ళను ఆపుతున్నవి వేరే. ఫారం నింపడం, పుట్టినతేదీ పత్రం తేవడం, ఎవరిని కలవాలో ఎప్పుడు కలవాలో తెలియకపోవడం, వయసు మీరిన పిల్లను ఏ తరగతిలో కూర్చోబెట్టాలో బడికే తెలియకపోవడం. అక్షరం రాని తండ్రికి ఫారం ఒక గోడ. కార్యకర్తలు ఆ గోడ దగ్గర నిలబడి మాట్లాడారు, అవసరమైతే దెబ్బలాడారు. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ పని చెప్పిన పాఠాన్ని మాత్రం మా శాఖ ఇంకా పూర్తిగా ఒంటబట్టించుకోలేదు.

పుస్తకమే ఇళ్ళకు వెళ్ళింది

1998లో ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్య చట్టం వచ్చింది. విద్యా కమిటీలకు ఎన్నికలు జరిగాయి. ఆ తర్వాత విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ గురించి అందరూ మాట్లాడతారు, అది కమిటీ సెక్షన్. 24వ సెక్షన్ గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావాలనీ, పిల్లవాడి హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి వాళ్ళకు చెప్పాలనీ అందులో ఉంది. అంటే బడి కబురు చెప్పడం ఉపాధ్యాయుడి దయ కాదు, చట్టం విధించిన కర్తవ్యం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. తెలంగాణలో అదే ఏడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడ్డాయి. ఇవి చెడ్డవని ఎవరూ అనలేరు. తల్లి బడిలో కుర్చీమీద కూర్చున్న దృశ్యమే నా చిన్నప్పుడు లేదు.

కాని మామూలు రోజుల్లో ఏం జరుగుతోంది? నేను పనిచేసిన ఒక బడిలో కమిటీ సమావేశపు నోటీసు ఇలా ఉండేది: 'యాజమాన్య కమిటీ సమావేశము నిర్వహింపబడును గనుక సభ్యులు విధిగా హాజరు కావలసినదిగా తెలియజేయడమైనది.' ఎందుకు సమావేశమో అందులో లేదు. పిలిచేది ఎవరో కూడా లేదు, క్రియకు కర్తే లేదు. సభ్యులు రాలేదు. రాకపోతే తీర్మానం ఆగదు కదా! ఒక పిల్లవాడి చేత మినిట్సు పుస్తకాన్ని ఇళ్ళకు పంపి సంతకాలు పెట్టించారు. మనుషులు బడికి రాలేదు, పుస్తకమే ఇళ్ళకు వెళ్ళి వచ్చింది. కాగితం మీద అది నూటికి నూరుపాళ్ళు ప్రజల భాగస్వామ్యం.

అదే బడిలో తొమ్మిదో తరగతి పిల్లల చేత నేను గోడపత్రిక రాయించేవాణ్ణి. మొదట్లో సూక్తులూ, మహనీయుల జయంతులూ రాసేవారు. అవి మానేసి బడి సంగతులు రాయమన్నాను. బోరు చెడిపోయి ఎన్ని రోజులయిందో, తిన్న పళ్ళేలు ఎక్కడ కడుక్కుంటున్నారో, లెక్కల సారు పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో రాశారు. తాము ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాశారు. ఒక ప్రతి ఊళ్ళో పాల కేంద్రం గోడకు అంటించారు. రెండు రోజుల తర్వాత ఉపాధి పనికి పోతూ ఆరేడుగురు ఆడవాళ్ళు బడి దగ్గర ఆగారు. అందులో ఒకామె కమిటీ సభ్యురాలే. "సారూ, బోరు చెడిపోయిందని మాకెందుకు చెప్పలేదు? నేను సంతకం పెట్టిన పుస్తకంలో ఏముందో ఒకసారి చదివి వినిపించండి" అని అడిగింది. చదివి వినిపించాను. బోరు బాగుపడడానికి ఇంకా పది రోజులు పట్టింది. లెక్కల పోస్టు ఆ ఏడు నిండనే లేదు. కాని తర్వాతి సమావేశానికి పుస్తకం ఇళ్ళకు వెళ్ళలేదు, మనుషులే వచ్చారు.

ఈ ఒక్క అనుభవంతో సిద్ధాంతం చెయ్యను. అయితే దీనికి ఎదురు ఉదాహరణ రాష్ట్రమంతా చూసింది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన 117వ నంబరు జీవో మేరకు అనేక ఊళ్ళ ప్రాథమిక పాఠశాలల నుంచి మూడు, నాలుగు, ఐదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలించారు. పసిపిల్లలు రోడ్డు దాటి, కాలవ దాటి వెళ్ళాలని తెలిసిన తల్లులు ఆ జూలైలో చాలాచోట్ల బడిముందు బైఠాయించారు. 2025లో ఆ జీవో స్థానంలో వేరే ఉత్తర్వులు వచ్చాయి. విలీనంలో మంచిచెడ్డలు ఎన్నయినా వాదించవచ్చు. తరగతికో ఉపాధ్యాయుడు కావాలన్న వాదంలో బలం లేకపోలేదు. కాని ఆ సంగతి తల్లులకు ఆలోచనగా అందలేదు, ఉత్తర్వుగా అందింది. అడగవలసిన కాలం దాటిపోయాక కబురు వచ్చింది. శ్రద్ధ లేదని పేరుపడ్డ ఆ తల్లిదండ్రులే అన్నం మానుకొని బడిముందు కూర్చున్నారు. పిల్లలు తగ్గారన్న పేరుతో రేపు ఇంకొక బడి మూతపడవచ్చు. ఆ సంగతి ఊరికి ముందుగా తెలుస్తుందా, తాళం వేశాక తెలుస్తుందా అన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న.

మన పని

దీనిలో రచయితల పని ఏమిటి? బడిపంతులు మన సాహిత్యంలో మొదటినుంచీ ఉన్నాడు. చిలకమర్తి 'గణపతి' కూడా వీధిబడి పంతులే. బీద విద్యార్థి మీద మంచి కథలు వచ్చాయి. కాని బడి కమిటీలో కూర్చున్న తల్లి, తాను సంతకం పెట్టిన పుస్తకాన్ని చదివించుకున్న తల్లి నేను చదివినంతలో చాలా అరుదు. ఆమెను శ్రద్ధలేని మనిషిగానో, త్యాగమూర్తిగానో చిత్రించి ఊరుకుంటున్నాం. ఈ రెండు చిత్రణల్లోనూ ఆమెకు అడిగే నోరు లేదు.

ఉపాధ్యాయులయిన రచయితలు మనలో ఎందరో ఉన్నారు. బడి నోటీసును కర్త ఉన్న వాక్యాల్లో రాయడం మన చేతిలో పని. ఏ రోజు, ఏ వేళకు, దేని గురించి, ఎంత డబ్బు వచ్చింది, ఎంత ఖర్చయింది, ఏమి నిర్ణయించాలి అన్నవి ఊరి మాటల్లో రాయాలి. సమావేశం కూలివేళలు చూసి పెట్టాలి. మాలపల్లె, తండా, గూడెం మన దసరా ఊరేగింపు దారిలో ఈసారయినా ఉండాలి. గోడపత్రికను సూక్తుల నుంచి విడిపించాలి. సాహిత్య విద్యార్థులు తమ ఊరి బడి పాత రిజిస్టర్లనూ, మినిట్సు పుస్తకాలనూ, నోటీసులనూ సేకరించి వాటి భాషను పరిశీలించాలి. ఇటువంటివి పరిశోధనాంశాలు కావని విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా అంటే, మన వచన చరిత్రలో బడికి ఉన్న భాగమెంతో వీరేశలింగంనుంచి గిడుగుదాకా చూపించి వాళ్ళతో వాదించాలి.

వాడుకభాష గెలిచి చాలా కాలమయిందని మనం అనుకుంటున్నాం. కథలో గెలిచింది, కవితలో గెలిచింది, పత్రికలో గెలిచింది. బడి నోటీసుబోర్డు మీద మాత్రం ఇంకా గెలవలేదు. అక్కడ గెలిచేదాకా గిడుగు మొదలుపెట్టిన పని పూర్తయినట్టు కాదు.